మన్రోకు దొరికిన విడుదల డిమాజియో తరానికి ఎందుకు దొరకలేదు?

పాతరీలు (చర్చ మొదలుపెట్టినవారు)

సభ్యులందరికీ నమస్కారం. యుద్ధం ముగిశాక అమెరికాలో పేరు తెచ్చుకున్న వినోద కళాకారుల జీవితాలను, బేస్‌బాల్ ఆటగాళ్ల జీవితాలను పక్కపక్కన పెట్టి చదువుతుండగా ఒక సందేహం కలిగింది. దానిని ఇక్కడ పెడుతున్నాను.

1954 జనవరి 14న శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ హాలులో బేస్‌బాల్ ఆటగాడు జో డిమాజియో, సినీనటి మార్లిన్ మన్రో పెళ్లి చేసుకున్నారు. అప్పటికి ఆమె, స్టూడియో ఇచ్చిన ఒక సినిమాలో నటించనన్నందుకు ట్వెంటియత్ సెంచురీ ఫాక్స్ వారి సస్పెన్షన్‌లో ఉన్నారు. ఫిబ్రవరిలో ఇద్దరూ జపాన్ వెళ్లారు. డిమాజియో తన పాత గురువు లెఫ్టీ ఓడూల్‌తో కలిసి అక్కడి ఆటగాళ్లకు శిక్షణ ఇవ్వాలన్నది ఆ ప్రయాణంలో ఒక ఉద్దేశం. అయితే జపాన్‌లో జనం ఎగబడింది మన్రో కోసం. ఆమె అక్కడి నుంచి కొరియా వెళ్లి, నాలుగు రోజుల్లో లక్షమందికి పైగా అమెరికన్ సైనికుల ముందు పాడి వచ్చారు. పెళ్లి తొమ్మిది నెలలకే తెగిపోయింది. ఈ కథను అందరూ అసూయ కథగానే చెబుతారు. అందులో నిజం లేదనను. నా ఆసక్తి మాత్రం వేరే చోట ఉంది.

మన్రో 1955 చివరి రోజున ఫాక్స్‌తో కొత్త కాంట్రాక్టు రాయించుకున్నారు. ఏడేళ్లలో నాలుగు సినిమాలు, ఒక్కొక్క దానికి లక్ష డాలర్లు, పైగా దర్శకుడి విషయంలో ఆమె మాట చెల్లాలి. స్టూడియోను ఎదిరించి, న్యూయార్క్ వెళ్లి, సొంత నిర్మాణ సంస్థ పెట్టుకుని ఆమె దీనిని సాధించారు. డిమాజియోకు 1949లో ఆయన ఆడిన న్యూయార్క్ యాంకీస్ క్లబ్బు ఏడాదికి లక్ష డాలర్లు ఇచ్చింది. బేస్‌బాల్‌లో అంత జీతం అదే మొదలు. అంకె ఒకటే కావచ్చు గాని, ఆమెకు బేరం చేసే హక్కు ఉండగా ఆయనకు లేదు. ఇంత తేడా ఎక్కడ వచ్చింది?

మూడోబేస్

పాతరీలు గారూ, ప్రశ్న బాగుంది గాని ఒక సవరణ అవసరం. డిమాజియో 1951 డిసెంబరులోనే ఆట మానేశారు. మన్రో స్టూడియోతో పోరాడేనాటికి ఆయన ఏ క్లబ్బుకూ కట్టుబడి లేరు. కనుక భార్యాభర్తలను పోల్చడం కన్నా, వారి వృత్తులను పోల్చడం న్యాయంగా ఉంటుంది.

పాతరీలు

ఒప్పుకుంటున్నాను. శీర్షికలో "తరానికి" అన్న మాట అందుకే పెట్టాను.

ప్లీడరు గుమాస్తా

తేడా చట్టంలో ఉంది. కాస్త ఓపికగా చదవమని మనవి.

ఒలీవియా డి హావిలాండ్ అనే నటికి వార్నర్ బ్రదర్స్‌తో ఏడేళ్ల కాంట్రాక్టు ఉండేది. ఇచ్చిన పాత్ర వద్దన్నప్పుడల్లా స్టూడియో ఆమెను సస్పెండ్ చేసి, పని లేని ఆ రోజులన్నిటినీ కాంట్రాక్టు చివర కలుపుకుంటూ పోయింది. ఏడేళ్లు గడిచినా ఏడేళ్లు పూర్తి కాలేదన్నమాట. ఆమె కోర్టుకు వెళ్లారు. ఎవరి సేవనైనా ఏడేళ్లకు మించి కట్టిపడేయకూడదన్న రాష్ట్ర చట్టంలో ఏడేళ్లంటే క్యాలెండరులో ఏడేళ్లే తప్ప పనిచేసిన రోజుల లెక్క కాదని కాలిఫోర్నియా అప్పీలు కోర్టు 1944 డిసెంబరులో తీర్పు చెప్పింది. 1945 ఫిబ్రవరిలో రాష్ట్ర సుప్రీం కోర్టు ఆ తీర్పును తిరగతోడడానికి నిరాకరించింది. అంతటితో నటీనటుల మెడకున్న తాడు పూర్తిగా తెగలేదు గాని, దాని పొడవు ఎంతో తేలిపోయింది.

బేస్‌బాల్ ఆటగాడి కాంట్రాక్టులో రిజర్వ్ క్లాజు అని ఒకటి ఉండేది. సీజను ముగిశాక జీతం విషయంలో ఒప్పందం కుదరకపోతే, క్లబ్బు అదే కాంట్రాక్టును మరో ఏడాదికి తానే పొడిగించుకోవచ్చునని దాని సారం. ఆ పొడిగించిన కాంట్రాక్టులో కూడా అదే క్లాజు ఉంటుంది కనుక దానిని మళ్లీ పొడిగించవచ్చునని యజమానులు అర్థం చెప్పుకున్నారు. వడ్డీకి వడ్డీ లెక్కగా ఇది ఆటగాడి జీవితమంతా సాగేది. క్లబ్బు అతన్ని అమ్మవచ్చు, మార్చుకోవచ్చు, ఇంటికి పంపవచ్చు. అతను మాత్రం మరో క్లబ్బు గుమ్మం తొక్కకూడదు.

ఇది గుత్తాధిపత్యం కాదా అంటే, బేస్‌బాల్ రాష్ట్రాల మధ్య జరిగే వాణిజ్యం కిందికి రాదని సుప్రీం కోర్టు 1922లోనే చెప్పేసింది. యాంకీస్ చిన్న క్లబ్బుల్లో ఆడే జార్జ్ టూల్సన్ మళ్లీ అడిగితే, 1953 నవంబరులో అదే మాటను 7-2 తేడాతో నిలబెట్టింది. పాతరీలు గారు చెప్పిన పెళ్లికి దాదాపు రెండు నెలల ముందు.

నల్గొండ వాసి

మన పెద్దలు చెప్పగా విన్నదే గుర్తుకు వచ్చింది. మద్రాసులో స్టూడియోల వారు నటులను, రచయితలను నెలజీతాల మీద పెట్టుకున్న రోజులు ఉండేవి. అక్కడ కూడా ఒక సంస్థ మనిషి మరో సంస్థలో కనిపించాలంటే అనుమతి కావలసి వచ్చేది. అయితే మనవారికి జీవితకాలపు క్లాజు లేదనుకుంటాను.

మూడోబేస్

ప్లీడరు గుమాస్తా గారు చట్టం చెప్పారు కనుక నేను జేబు సంగతి చెబుతాను. 1947లో జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున, దశాబ్దాలుగా నల్లవారిని రానివ్వని మేజర్ లీగ్‌లో (బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పై స్థాయి) అడుగుపెట్టినప్పుడు ఆయన జీతం 5,000 డాలర్లు. అప్పటి కనీస వేతనం అదే. ఆయనను చూడటానికి ఊరూరా జనం విరగబడ్డారు, ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి ఆయనకే వచ్చింది, అయినా అంతే. 1949లో లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా ఎన్నికైన మనిషి, చలికాలంలో న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఒక దుకాణంలో టెలివిజన్ సెట్లు అమ్మారు. 1950లో తన జీవితకథ మీద తీసిన సినిమాలో తన పాత్రను తానే పోషించారు. భార్య రేచెల్ పాత్రలో రూబీ డీ నటించారు.

ఆ రోజుల్లో ఇది వింత కాదు. కనీస వేతనం 1968 దాకా 6,000 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. అక్టోబరులో ఆట ముగిస్తే ఫిబ్రవరి దాకా ఇల్లు గడవాలి. పిట్స్‌బర్గ్ పైరేట్స్ మూడో బేస్ ఆటగాడు రిచీ హెబ్నర్ చలికాలమంతా శ్మశానంలో గోతులు తవ్వేవారు. (నా పేరు కూడా ఆయన ఆడిన చోటును బట్టి పెట్టుకున్నదే. పలుగూ పారా మాత్రం నాకు అలవాటు లేదు.) వీరితో పోలిస్తే, ముఖం బాగుండి మాట చక్కగా వచ్చిన వాడికి కెమెరా ముందు నిలబడడం ఎంత సుఖం!

ఇందిర, న్యూజెర్సీ

డబ్బు కోసమే వారు తెర మీదికి వెళ్లారంటే నేను ఒప్పుకోలేను. చక్ కానర్స్ సంగతి చూడండి. బ్రూక్లిన్‌లో పుట్టి, డాడ్జర్స్‌లో ఆడాలని కలగని, 1949లో ఆ జట్టు తరఫున ఒకే ఒక్కసారి బ్యాటు పట్టి డబుల్ ప్లేకు (ఒకే బంతికి ఇద్దరు ఔట్) దొరికిపోయిన మనిషి ఆయన. 1951లో షికాగో కబ్స్ తరఫున 66 ఆటలు ఆడినా నిలదొక్కుకోలేకపోయారు. ఆయనను పసిఫిక్ కోస్ట్ లీగ్‌లోని లాస్ ఏంజెలెస్ జట్టుకు పంపితే, అది పెద్ద లీగ్ నుంచి కిందికి దిగడమే. అయితే ఆ మైదానానికి హాలీవుడ్ వారు సాయంత్రాలు ఆట చూడటానికి వచ్చేవారు. హోమ్ రన్ కొట్టి బేస్‌ల చుట్టూ కోతిచేష్టలు చేస్తూ పరుగెత్తే ఆరున్నర అడుగుల మనిషి ఎవరికి కనిపించడు? ఎమ్‌జీఎమ్ స్టూడియో వారు పిలిచి, 1952లో ట్రేసీ, హెప్‌బర్న్ నటించిన సినిమాలో ఒక చిన్న పోలీసు అధికారి పాత్ర ఇచ్చారు. 1958 నుంచి 1963 దాకా "ది రైఫిల్‌మ్యాన్" టీవీ ధారావాహికలో కొడుకును ఒంటరిగా పెంచే తండ్రిగా ఇంటింటికీ తెలిసిపోయారు. బేస్‌బాల్ తనను వద్దన్న మనిషి ఆయన. ఆటలో నెగ్గి ఉంటే నటుడయ్యేవారే కారు.

బాబ్ యూకర్ ఇంకో మెట్టు పైకి వెళ్లారు. ఆరు సీజన్లు క్యాచర్‌గా (బ్యాటర్ వెనుక బంతి అందుకునేవాడిగా) ఆడి, .200 బ్యాటింగ్ సగటుతో బయటికి వచ్చారు. అంటే పది ప్రయత్నాల్లో రెండే ఫలించాయి. ఆ వైఫల్యాన్నే పెట్టుబడిగా పెట్టి జానీ కార్సన్ టీవీ కార్యక్రమంలో దాదాపు వంద సార్లు దేశాన్ని నవ్వించారు. 1971 నుంచి 2024 సీజను దాకా మిల్వాకీ బ్రూవర్స్ ఆటలకు రేడియోలో వ్యాఖ్యానం చెప్పి, 2025 జనవరిలో కన్నుమూశారు.

కృష్ణవేణి, డల్లాస్

వైఫల్యం గురించి ఇందిర గారు రాసినది చదివాక, ఆటలో నెగ్గక కంట్రీ గాయకుడైన చార్లీ ప్రైడ్ గురించి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నేను ఆయన స్థిరపడిన ఊళ్లోనే ఉంటున్నందువల్ల కొంత అభిమానం కూడా ఉంది.

ఆయన 1934లో మిసిసిపీలోని స్లెడ్జ్ అనే పల్లెలో, పంటలో వాటాకు పత్తి సాగుచేసే నల్లజాతి కుటుంబంలో పుట్టారు. పదకొండు మంది పిల్లలు. తండ్రి శనివారం రాత్రుళ్లు రేడియోలో నాష్‌విల్ నుంచి వచ్చే గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే పాటల కార్యక్రమం పెట్టేవారు. తెల్లవారి సంగీతమని అందరూ అనుకునే కంట్రీ పాటలు ఆ కుర్రవాడి చెవిలో పడ్డది అలా. అయితే ఆయన కోరిక పాట కాదు. పత్తిచేల నుంచి బయటపడే దారి జాకీ రాబిన్సన్ చూపించాడని అనుకున్నారు. పదహారు, పదిహేడేళ్లకే ఇల్లు విడిచి, నల్లవారి లీగ్‌లలో పిచ్చర్‌గా (బంతి విసిరేవాడిగా) ఆడారు. రాబిన్సన్ తలుపు తీసిన తర్వాత మంచి ఆటగాళ్లంతా పెద్ద లీగ్‌లకు తరలిపోవడంతో ఆ లీగ్‌లు అప్పటికే చిక్కిపోతున్నాయి. లూయీవిల్ జట్టు యజమాని ఒక పాత బస్సు కొనడానికి డబ్బు లేక, ప్రైడ్‌ను, ఇంకొక ఆటగాడిని బర్మింగ్‌హామ్ జట్టుకు అమ్మేశారు. చరిత్రలో బస్సు కోసం అమ్ముడైన ఆటగాళ్లం మేమేనని తర్వాత ఆయనే నవ్వుతూ చెప్పుకునేవారు. రిజర్వ్ క్లాజు గురించి ఎన్ని తీర్పులు చదివినా నాకు ఈ బస్సే ముందు గుర్తుకు వస్తుంది.

సైన్యంలో పనిచేసి వచ్చి, 1960లో మోంటానా వెళ్లారు. ఈస్ట్ హెలెనాలో ఖనిజాన్ని కరిగించి సీసం తీసే కర్మాగారంలో కొలిమి దగ్గర పని, సాయంత్రం ఆ కర్మాగారం జట్టుకే ఆట. ఆటకు ముందు పావుగంట పాడితే అదనంగా పది డాలర్లు ఇచ్చేవారు. 1962లో కొత్తగా పుట్టిన న్యూయార్క్ మెట్స్ శిక్షణ శిబిరానికి, ఎవరూ పిలవకుండానే ఫ్లోరిడా దాకా వెళ్లారు. చేతిలో బంతి పెట్టకుండానే పంపించేశారు. తిరుగు ప్రయాణంలో నాష్‌విల్‌లో దిగారు. నాలుగేళ్ల తర్వాత, 1966లో ఆర్‌సీఏ సంస్థ ఆయన మొదటి రికార్డును విడుదల చేసింది. రేడియో స్టేషన్లకు పంపిన కాపీలతో గాయకుడి ఫొటో పంపలేదు. గొంతు విని ఇష్టపడ్డాక చూస్తే చూడనిమ్మని ఆ ఏర్పాటు. అదే ఏడాది డెట్రాయిట్‌లో పెద్ద సభలో పేరు పిలవగానే చప్పట్లు మోగాయి, మనిషి కనిపించగానే ఆగిపోయాయి. తన ఒంటి రంగు మీద తానే ఒక చిన్న ఛలోక్తి వేసి, మూడు పాటలు పాడతాను, మాట్లాడటానికి సమయం లేదని మొదలుపెట్టారు. చప్పట్లు తిరిగి వచ్చాయి.

1971లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఆయనను ఆ ఏటి మేటి కళాకారుడిగా ఎన్నుకుంది. ఆ తర్వాత కూడా ప్రతి వసంతంలో టెక్సాస్ రేంజర్స్ శిక్షణ శిబిరానికి వెళ్లి, యూనిఫాం వేసుకుని ఆటగాళ్లతో సాధన చేసేవారు. 2010లో ఆ క్లబ్బులో చిన్న వాటాదారు అయ్యారు. 2020 జూలైలో రేంజర్స్ కొత్త మైదానంలో తొలి ఆటకు జాతీయగీతం ఆయనదే. కరోనా వల్ల ఆ రోజు మైదానంలో ప్రేక్షకులు లేరు. అదే వ్యాధితో డిసెంబరు 12న డల్లాస్‌లో పోయారు.

నల్గొండ వాసి

కృష్ణవేణి గారూ, బస్సు సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ధన్యవాదాలు.

ఒక సందేహం. ఆటగాళ్లు తెర మీదికి వెళ్లారు సరే, తెర మీది వారు ఆట వైపు వచ్చిన ఉదాహరణలు కూడా ఉన్నాయి కదా?

పాతరీలు

ఉన్నాయి, అయితే వారు వచ్చింది ఆటగాళ్లుగా కాదు, యజమానులుగా. 1946లో బింగ్ క్రాస్బీ పైరేట్స్‌లోనూ, బాబ్ హోప్ క్లీవ్‌లాండ్ ఇండియన్స్‌లోనూ వాటాలు కొన్నారు. క్రాస్బీ వల్ల మనందరికీ ఒక మేలు జరిగింది. 1960 అక్టోబరు 13న పైరేట్స్, యాంకీస్ మధ్య వరల్డ్ సిరీస్ (ఆ ఏటి విజేతను తేల్చే పోటీ) ఏడో ఆట. తాను చూస్తే జట్టు ఓడిపోతుందనే భయంతో ఆయన పారిస్ వెళ్లిపోయి రేడియోలో విన్నారు. అయినా గెలిస్తే తర్వాత చూసుకోవాలి కదా, అందుకని టీవీ ప్రసారాన్ని ఫిల్ము మీదికి ఎక్కించమని మనుషులను పెట్టి వెళ్లారు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మాజెరోస్కీ హోమ్ రన్‌తో పైరేట్స్ 10-9 తేడాతో గెలిచారు. ప్రసారం చేసిన సంస్థ దగ్గర ఆ ఆట మిగలలేదు. క్రాస్బీ ఇంట్లో, ద్రాక్షసారా దాచుకునే చల్లని నేలమాళిగలో ఐదు రీళ్లు 2009 డిసెంబరులో బయటపడ్డాయి. పాతరీలు అని పేరు పెట్టుకున్న వాడికి ఇంతకన్నా మంచి కథ ఎక్కడ దొరుకుతుంది?

ఇందిర, న్యూజెర్సీ

నా అభ్యంతరం కూడా అక్కడే ఉంది. స్టూడియోల చేతిలో నలిగిన వారే క్లబ్బులు కొని, తాము విదిలించుకున్న తాడును ఆటగాళ్ల మెడకు వేశారు కదా! జీన్ ఆట్రీని చూడండి. పాడే కౌబాయ్‌గా పేరొందిన ఆయన, సైన్యం నుంచి తిరిగి వచ్చాక, యుద్ధంలో గడిపిన కాలాన్ని కాంట్రాక్టు చివర కలపాలన్న రిపబ్లిక్ స్టూడియోతో కోర్టులో పోరాడి 1947లో గెలిచారు. 1960 డిసెంబరులో, కొత్త జట్టు ఆటలను తన రేడియో స్టేషను ద్వారా ప్రసారం చేసే హక్కు అడగడానికి యజమానుల సమావేశానికి వెళ్లి, ఏకంగా ఆ జట్టునే పుచ్చుకుని వచ్చారు. 1961లో ఆ జట్టు, ఏంజెల్స్, ఆడటం మొదలుపెట్టినప్పుడు, వారి ప్రతి ఆటగాడి కాంట్రాక్టులోనూ రిజర్వ్ క్లాజు ఉంది. ఆట్రీ దానిని తీసేయలేదు.

మూడోబేస్

ఒక్క యజమాని తీసేయగలిగింది కాదది. లీగ్ మొత్తానికి ఒకే నమూనా కాంట్రాక్టు. ఆట్రీ గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. క్లాజు పడిపోయిన మరుసటి శీతాకాలంలో, అంటే 1976 చివర, స్వేచ్ఛ దొరికిన ఆటగాళ్లకు అందరికన్నా ముందు చెక్కుపుస్తకం తెరిచిన వారిలో ఆయన ఒకరు. బేలర్, రూడీ, గ్రిచ్ ముగ్గురినీ ఒకే శీతాకాలంలో తెచ్చుకున్నారు. తన జట్టు వరల్డ్ సిరీస్ ఆడటం మాత్రం చూడకుండానే 1998లో పోయారు. 2002లో ఏంజెల్స్ దానిని గెలిచినప్పుడు ఆ జట్టు ఆటగాడు టిమ్ సామన్ ఆ ముసలాయన కౌబాయ్ టోపీని చేత పట్టుకుని మైదానం చుట్టూ తిరిగారు.

ప్లీడరు గుమాస్తా

చర్చ ఇంత దూరం వచ్చింది కనుక, నటుల తీర్పుకూ ఆటగాళ్ల క్లాజుకూ నిజంగా ముడిపడిన ఒక్క సందర్భాన్ని చెబుతాను. పాతరీలు గారి మొదటి ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు ఇదే.

1965 వరల్డ్ సిరీస్‌ను డాడ్జర్స్‌కు గెలిపించిన ఇద్దరు పిచ్చర్లు శాండీ కూఫాక్స్, డాన్ డ్రైస్‌డేల్. ఆ సీజనులో కూఫాక్స్ జీతం 85,000 డాలర్లు, డ్రైస్‌డేల్‌ది 80,000. క్లబ్బు వారు ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, రెండో వాడు ఇంతకే ఒప్పుకున్నాడని చెబుతున్నట్లు ఇద్దరూ గమనించారు. అందుకని 1966 ఫిబ్రవరిలో కలిసి నిలబడి, ఇద్దరికీ కలిపి మూడేళ్లకు పది లక్షల డాలర్లు అడిగారు. శిక్షణ శిబిరానికి వెళ్లలేదు. బేరం సాగుతుండగా ఒక సినిమాలో నటించడానికి సంతకాలు చేశారు. ఆట లేకపోయినా బతకగలమని చూపించడానికి హాలీవుడ్ కన్నా దగ్గరి చోటు లేదు.

ఇక అసలు విషయం. డాడ్జర్స్ అప్పటికి బ్రూక్లిన్ వదిలి లాస్ ఏంజెలెస్ వచ్చేశారు. అంటే కాలిఫోర్నియా చట్టం కిందికి వచ్చారు. కూఫాక్స్ న్యాయవాది పాత తీర్పులు తిరగేస్తూ డి హావిలాండ్ కేసు పట్టుకున్నారు. ఈ రాష్ట్రంలో ఏ మనిషి సేవనైనా ఏడేళ్లకు మించి కట్టిపడేయకూడదంటే, రిజర్వ్ క్లాజు ఎలా నిలుస్తుంది? ఆ దావా కోర్టుకు వెళ్లి ఉంటే ఏమయ్యేదో గాని, వెళ్లలేదు. 32 రోజుల తర్వాత రాజీ కుదిరింది. కూఫాక్స్‌కు 125,000, డ్రైస్‌డేల్‌కు 110,000. డ్రైస్‌డేల్‌ను, డాడ్జర్స్ జనరల్ మేనేజరు బజీ బవాసీని ఒకచోట కూర్చోబెట్టిన మధ్యవర్తి ఎవరో ఇందిర గారు ఊహించగలరా? చక్ కానర్స్.

తర్వాతి కథ తెలిసిందే. ఆ ఏడాదే ఆటగాళ్ల సంఘానికి మార్విన్ మిల్లర్ నాయకుడయ్యారు. తనను ఫిలడెల్ఫియాకు మార్చడాన్ని ఎదిరించిన కర్ట్ ఫ్లడ్ 1972లో సుప్రీం కోర్టులో 5-3 తేడాతో ఓడిపోయారు. క్లాజు కోర్టులో పడిపోలేదు. 1975 డిసెంబరు 23న పీటర్ సైట్జ్ అనే మధ్యవర్తి, మరో ఏడాది అంటే ఒక్క ఏడాదేనని చెప్పడంతో పడిపోయింది. ఏడేళ్లంటే క్యాలెండరులో ఏడేళ్లేనన్న మాటకు ఇది సొంత తమ్ముడే, ముప్పై ఏళ్లు ఆలస్యంగా పుట్టాడు.

ఇందిర, న్యూజెర్సీ

ఊహించలేదు! డ్రైస్‌డేల్ ఒకసారి "రైఫిల్‌మ్యాన్"లో చిన్న పాత్ర వేశారని మాత్రం చదివాను. ఆ పరిచయం ఇక్కడ పనికి వచ్చిందన్నమాట. మరి వారు సంతకం చేసిన ఆ సినిమా ఏమైంది?

ప్లీడరు గుమాస్తా

రాజీ కుదరగానే ఇద్దరూ దానిని వదిలేశారు. సినిమా వేరేవారితో విడుదలైంది. కూఫాక్స్ ఆ 1966 సీజనులో 27 ఆటలు గెలిచి, మోచేతి నొప్పితో ముప్పై ఏళ్లకే నవంబరులో ఆట మానేశారు. వెంటనే ఎన్‌బీసీ వారు వ్యాఖ్యాతగా పదేళ్ల కాంట్రాక్టు ఇచ్చారు, ఏడాదికి లక్ష డాలర్లు. కెమెరా ముందు మాట్లాడటం ఆయనకు ఎప్పుడూ ఇష్టం లేదు. ఆరు సీజన్లు చేసి, 1973 సీజనుకు ముందు రాజీనామా ఇచ్చారు. మిగిలిన నాలుగేళ్లకు పట్టుపట్టకుండా ఎన్‌బీసీ వదిలేసింది.